ఫ్లింట్ గాజు: చెకుముకి గాజా, సీసపు గాజా?

ఫిజిక్స్‌లో పట్టకాల పాఠం చదివినవాళ్లకి క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు గుర్తుండే ఉంటాయి. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి కదా, మరి "చెకుముకి గాజు" అని రాయొచ్చా? జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ మీద వ్యాసం రాస్తూ ఇక్కడ ఆగిపోయాను. సీసం కలిపిన గాజుకి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చింది ఆయనే అంటారు. తీరా 1674 నాటి ఆయన పేటెంటు చూస్తే రాతి స్ఫటికాన్ని పోలిన గాజు అనే ఉంది, సీసం ఊసే లేదు. ఇంకో తంటా, ఆయన్ని ఏమనాలి? "గాజులవాడు" అంటే గాజులు తొడిగేవాడైపోతాడు!

జవాబు:
చెకుముకి గాజు వద్దండీ. రాబర్ట్ ప్లాట్ 1677లో అచ్చేసిన ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రకృతి చరిత్రలో, ఆ జిల్లాలోని హెన్లీ ఊళ్లో రేవెన్స్‌క్రాఫ్ట్ నడిపిన గాజు బట్టీ సంగతి ఉంది. మొదట నల్ల చెకుముకి రాళ్లను కాల్చి, పొడిచేసి, అందులో సురేకారం, టార్టార్ (ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే ఉప్పు), వెలిగారం కలిపేవారట. ఆ గాజులో సన్నటి పగుళ్లు సాలెగూడులా అల్లుకునేవి. తర్వాత చెకుముకి మానేసి, ఇటలీ పో నది నుంచి తెల్ల గులకరాళ్లు తెప్పించారని ఆయనే రాశాడు. అంటే రాయి అప్పుడే పోయింది, పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. ప్లాట్ కూడా సీసం మాట ఎత్తలేదు. పగుళ్ల లోపం పోయిందని 1676లో ప్రకటించాక, మరుసటేడు గాజు వర్తకుల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం పాత్రల మీద కాకి తల ముద్ర వేశారు (ఇంటిపేరులోని "రేవెన్" ఆ కాకే). ఆ ముద్రతో మిగిలిన పాత్రల్ని పరీక్షిస్తే సీసం బయటపడింది. కాగితం దాచింది గాజు చెప్పింది. కాబట్టి అర్థం కావాలంటే "సీసపు గాజు", పాఠంలోని పేరే కావాలంటే "ఫ్లింట్ గాజు".

ఇక మనిషి సంగతి. ఆయన వర్తకుడు, వెనిస్‌తో వ్యాపారం చేసినవాడు. హెన్లీలో పని మొదలుపెట్టింది డా కోస్టా అనే ఇటలీ మనిషని ప్లాటే అంటాడు. బట్టీ ముందు నిలబడి ఊదినవాళ్లు వేరు. "తయారీదారు" అంటే ఇద్దరినీ కలిపేసినట్టవుతుంది.

ఇంకొకరు:
సరదాకి ఒక మాట. సీసం సంస్కృతం నుంచి, సీసా పారసీ "షీషా" నుంచి. షీషా అంటే గాజే. రెంటికీ చుట్టరికం లేదు. కానీ రేవెన్స్‌క్రాఫ్ట్ సీసాల్లో సీసం నిజంగానే ఉంది మాస్టారూ.

మొదటి మనిషి:
అయితే "గాజు బట్టీ నడిపిన వర్తకుడు" అని రాస్తున్నా. డా కోస్టాకి ఒక పేరా పెంచాలి.