క్షీరదాల యుగం 6.6 కోట్ల ఏళ్ల క్రితమే మొదలైందని ఎందుకు అంటారు?

నమస్కారం. భూగర్భ కాలమానాన్ని సొంతంగా చదువుకుంటున్నాను. క్షీరదాల యుగమైన సీనోజోయిక్ 6.6 కోట్ల ఏళ్ల క్రితం మొదలైందని పట్టికలన్నీ చెబుతున్నాయి. కానీ వికారాబాద్ దగ్గర నస్కల్‌లో, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో దొరికిన డెక్కనోలెస్టెస్ అనే చిన్న క్షీరదం దంతాలు సీనోజోయిక్‌కు ముందున్న క్రెటేషియస్ చివరి కాలానివి. ఆవగింజంత పళ్లు! ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లోనైతే అంతకన్నా పాత జురాసిక్ నాటి క్షీరదాల పళ్లే బయటపడ్డాయి. అంటే యుగానికి పేరు పెట్టేటప్పుడు పుట్టుకను పక్కనపెట్టి ఆధిపత్యాన్నే లెక్కలోకి తీసుకుంటారా? అన్ని కోట్ల ఏళ్లు అవి ఎక్కువగా చిన్న జీవులుగానే ఉండిపోవడానికి డైనోసార్లే కారణమా?

నన్ను ఇంకా ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న మరొకటి. నస్కల్ పొర ఆ 6.6 కోట్ల ఏళ్ల హద్దుకు ముందుదేనని ఎలా తేల్చారు? లావాలోని ఆర్గాన్ వాయువును కొలిచా, పొరలోని పుప్పొడిని బట్టా? తెలిసినవారు దయచేసి కాస్త వివరంగా చెప్పండి.