కంపైల్ అయ్యాక ఆర్గ్యుమెంట్ల పేర్లు ఎక్కడ దాచాలి?

బ్రాకెట్ల_బాధితుడు
స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషకి సరదాగా ఒక చిన్న ఇంప్లిమెంటేషన్ రాసుకుంటున్నాను. ఇంటర్‌ప్రిటర్‌గా ఉన్నన్నాళ్లూ సుఖంగా ఉంది: ప్రొసీజర్‌ని అడిగితే లాంబ్డా లిస్టు (ఆర్గ్యుమెంట్ల పేర్ల జాబితా) అక్కడే దొరికేది. బైట్‌కోడ్‌కి మార్చాక పేర్లన్నీ స్లాట్ నంబర్లయిపోయాయి. ఎడిటర్‌లో హింట్ “ఆర్గ్0 ఆర్గ్1” అని వస్తుంటే చిరాకేస్తోంది. పేర్ల వెక్టర్‌కి ఒక పాయింటర్ తీసుకెళ్లి క్లోజర్‌లో (కోడ్‌నీ, అది పట్టుకున్న వేరియబుల్స్‌నీ కలిపి రన్ అవుతుండగా పుట్టే ఫంక్షన్ విలువలో) పెట్టాను. పనైతే అవుతోంది గానీ, లూప్‌లో పుట్టే ప్రతి క్లోజర్‌కీ 8 బైట్లు పెరిగాయి. మీరైతే ఎక్కడ పెడతారు?

పాత_కంపైలర్
క్లోజర్‌లో వద్దండీ. క్లోజర్లు లక్ష పుట్టినా వాటి వెనకున్న కోడ్ ఒక్కటే, పేర్లు ఆ కోడ్‌వి. గైల్ అనే స్కీమ్‌లో 2.2 నుంచి కంపైల్ అయిన ఫైలు ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రామ్ ఫైళ్లు వాడే ఫార్మాట్) రూపంలో ఉంటుంది, అందులో ఆరిటీలకంటూ (ఏ ప్రొసీజర్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో చెప్పడానికి) ఒక సెక్షన్ విడిగా ఉంది. కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, తప్పనిసరివి ఎన్ని, ఆప్షనల్ ఎన్ని అని వరసగా పేర్చి ఉంటాయి, బైనరీ సెర్చ్‌తో పట్టేయొచ్చు. ఫైలుని ఎంమ్యాప్ చేస్తే (మొత్తం చదవకుండా మెమరీకి జోడిస్తే), ఎవరైనా అడిగేదాకా ఆ పేజీలతో పనే పడదు. ఒక్కటి మాత్రం: మెమరీ చిరునామాలు కాదు, ఆఫ్‌సెట్లు (ఒక మొదలు నుంచి ఎంత దూరమో) రాయండి.

నిద్రలేని_లాంబ్డా
కేస్-లాంబ్డా (ఆర్గ్యుమెంట్ల సంఖ్యని బట్టి వేరే బాడీ నడిపే ప్రొసీజర్) సంగతి మర్చిపోకండి, ఒక ప్రొసీజర్‌కి ఒకే లిస్టు అనుకుంటే అక్కడ దొరికిపోతారు. సంఖ్య వరకే కావాలంటే చెజ్ స్కీమ్‌లోలాగా మాస్క్ చాలు: ఎన్ని ఆర్గ్యుమెంట్లు ఒప్పుకుంటే, 0 నుంచి లెక్కపెట్టి అన్నో బిట్ 1 అవుతుంది. రెండు ఆర్గ్యుమెంట్లైతే 4. ఒకటి గానీ మూడు గానీ అయితే 2, 8 కలిపి 10. కనీసం ఒకటి, పైన ఎన్నైనా అంటే -2 (0వ బిట్ తప్ప మిగతావన్నీ 1). ఈ మైనస్ నాకు భలే నచ్చుతుంది.

బ్రాకెట్ల_బాధితుడు
టేబుల్‌కి మార్చేశాను, క్లోజర్లు మళ్లీ సన్నబడ్డాయి. కానీ ఒక చిత్రం. మూడు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌కి హింట్‌లో రెండే పేర్లు. మధ్యది బాడీలో ఎక్కడా వాడలేదు.

పాత_కంపైలర్
ఆప్టిమైజర్ దాన్ని తీసేశాక పేర్లు రాస్తున్నారన్నమాట. పార్స్ అవగానే పట్టుకుని లాంబ్డా నోడ్‌కి తగిలించండి, తర్వాతి పాస్‌లేవీ దాన్ని ముట్టుకోకూడదు.

బ్రాకెట్ల_బాధితుడు
అదేనండీ! పేర్లు నేను రిజిస్టర్ల కేటాయింపు దగ్గర తీసుకుంటున్నాను. మార్చాను, మూడూ వస్తున్నాయి. ఇక కేస్-లాంబ్డా మీద పడాలి.