పాత రెయిన్ జాకెట్‌కు నీరు జారే మందు: అవసరమా, దండగా?

పర్లాకిమిడి కుర్రాడు:
శ్రావణంలో మిత్రులతో కలిసి మహేంద్రగిరి ఎక్కాలని ఉంది. నా జాకెట్ కొత్తలో చినుకు పడితే తామరాకులా ఉండేది. ఇప్పుడు భుజాల మీద, తలకు కప్పుకునే టోపీ మీద గుడ్డ నీళ్లు పీల్చి నల్లబడుతోంది. లోపల చొక్కా కూడా చెమ్మగా ఉంటోంది. ఉతికేటప్పుడు కలిపే మందు, పైన కొట్టే స్ప్రే అమ్ముతున్నారు గానీ ఆ చిన్న సీసా ధర చూస్తే మనసు ఒప్పడం లేదు. “ఆ డబ్బుతో బరకం ముక్క కొనుక్కో, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది” అని మా నాన్నగారి తీర్పు. కొనమంటారా, వద్దంటారా?

జయపురం బాటసారి:
నాన్నగారి మాట వినండి. ఈ మందులన్నీ మోసం. వాటర్‌ప్రూఫ్ అని రాసి అమ్మిన వస్తువుకు మళ్లీ వాటర్‌ప్రూఫ్ మందు ఎందుకు కొనాలి? సుంకి నుంచి పొట్టంగి దాకా ముసురులో పశువులు కాసేవాళ్లను చూడండి. పాలిథిన్ పరదా కప్పుకుని పొద్దంతా నిలబడతారు. వాళ్లలో ఒక్కరి దగ్గరైనా ఈ సీసా ఉందా?

సిరొంచ గోదావరి:
మా వైపు గొంగడి కప్పుకుంటే చాలు. బరువే, కానీ తడిసినా వెచ్చగానే ఉంటుంది.

రాయగడ కొండదారి:
బాటసారి గారూ, మీరు రెండు వేర్వేరు పనులను ఒకటి చేస్తున్నారు. జాకెట్‌లో నీటిని ఆపేది లోపలి పొర. పైగుడ్డకు పట్టించే మందు పని నీటిని ఆపడం కాదు, గుడ్డ తడవకుండా జార్చేయడం. పైగుడ్డ తడిసి ముద్దయినా లోపలి పొర తన పని చేస్తూనే ఉంటుంది. అయితే ఒంటి నుంచి వచ్చే ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఆ ఆవిరే చల్లబడి చొక్కాను తడుపుతుంది. కుర్రాడు వాన కారుతోందని అనుకుంటున్నది చాలావరకు తన చెమటే.

తమ్ముడూ, ముందు ఏమీ కొనవద్దు. సర్ఫు మిగులు, మట్టి, చెమట గుడ్డలో ఉండిపోతే పాత మందు ఉన్నా పనిచేయదు. గాఢత లేని ద్రవ సబ్బుతో ఉతుకు. గుడ్డ మెత్తబడటానికి వేసే కండిషనర్ జోలికి పోవద్దు. నురుగు పూర్తిగా పోయేదాకా జాడించి ఆరబెట్టు. లేబుల్ మీద ఇస్త్రీ వద్దని లేకపోతే, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడి మీద ఇస్త్రీ చెయ్యి. అరిగిన మందు చాలాసార్లు ఆ వేడికే మళ్లీ పనిలోకి వస్తుంది. తర్వాత నీళ్లు చిలకరించి చూడు. అప్పటికీ పీల్చుకుంటే సీసా సంగతి ఆలోచిద్దాం.

జయపురం బాటసారి:
ఉపన్యాసం బాగుంది. నేను అడిగింది ఒక్కటే. ఆ మందు కొడితే నీరు ఆగుతుందా, ఆగదా? ఆగదని మీరే రాశారు. దండగ అని నేనూ అదే అన్నాను.

రాయగడ కొండదారి:
గొడుగు ఎండను ఆపుతుంది, చెమటను ఆపదు, కాబట్టి గొడుగు దండగ అన్నట్లుంది. మీ పాలిథిన్ పరదా వేసుకుని మహేంద్రగిరి ఎక్కండి. 1,501 మీటర్ల కొండ అది. సగం దారిలోనే లోపల వాన మొదలవుతుంది. పశువులు కాసేవాళ్లు ఒకచోట నిలబడతారు, అందుకే వాళ్లకు పరదా సరిపోతుంది. బరువు మోస్తూ ఎక్కేవాడి సంగతి వేరు.

బరంపురం సముద్రపు గాలి:
తమ్ముడూ, తలకు కొబ్బరినూనె రాస్తావా? టోపీ దగ్గర తడవడానికి అదే కారణం కావచ్చు. ఫ్లోరిన్ లేని కొత్త రకం మందులు నీటిని జారుస్తాయి గానీ నూనెను ఆపలేవు. నూనె పట్టిన చోట మందు ముందుగా పోతుంది. మెడపట్టీ సంగతీ అంతే.

పర్లాకిమిడి కుర్రాడు:
రాస్తాను. మా అమ్మ ఊరుకోదు.

కోరాపుట్ మాస్టారు:
ఫ్లోరిన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. పాత మందుల్లో ఎనిమిది కర్బన పరమాణువుల ఫ్లోరిన్ గొలుసులు ఉండేవి. నీరు, నూనె రెండూ జారేవి. వాటిని ఓడించే మందు ఇంకా రాలేదని వాడినవాళ్లు చాలామంది అంటారు. కానీ అవి నేలలో, నీటిలో విరిగిపోవు. ఆ కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోం ఒప్పందం జాబితాలో చేర్చారు. విరిగిపోని విష రసాయనాలను కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం అది. ఆరు కర్బనాల రకం కొన్నాళ్లు నడిచింది, దాని మీదా ఆంక్షలు వస్తున్నాయి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి దుస్తుల్లో ఈ తరగతి రసాయనాలను నిషేధించింది. కుండపోతలో వాడే ప్రత్యేక దుస్తులకు మాత్రం 2028 దాకా గడువిచ్చింది. ఫ్రాన్స్‌లో 2026 జనవరి నుంచి నిషేధం. జాకెట్ ఉతికిన నీళ్లు పోసేది మన గెడ్డలోనే. సీసా కొంటే ఫ్లోరిన్ లేదని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. నూనె పట్టిన చోట మరికాస్త తరచుగా ఉతుక్కోవాలి, అంతే.

ఇంకొకటి. సబ్బునీళ్లలో ముంచి, తర్వాత పటిక నీళ్లలో ముంచే పాత పద్ధతి ఉంది. నూలుపోగుల్లో అల్యూమినియం సబ్బు ఏర్పడి నీటిని తోసేస్తుంది. అది నూలు కాన్వాసుకే. నైలాన్ మీద ప్రయోగాలు వద్దు.

గుణుపురం రైలు:
కుంకుడుకాయతో ఉతకవచ్చా?

కోరాపుట్ మాస్టారు:
ఉతకవచ్చు. కానీ కుంకుడు నురుగు మిగిలినా నీటిని పీల్చుకునేలా చేస్తుంది. సర్ఫుకు ఉన్న చిక్కే దానికీ ఉంది. బాగా జాడించాలి.

జయపురం బాటసారి:
రసాయన శాస్త్రం అయిందా? ఇప్పుడు నా అనుభవం వినండి. దేవమాలి కొండ మీద రాత్రి ఉండటానికి జయపురంలో ఒకచోట టెంట్ అద్దెకు తీసుకున్నాను. “కొత్తగా స్ప్రే కొట్టించాం, చుక్క దిగదు” అన్నారు. అర్ధరాత్రి కుట్లలో నుంచి నీళ్లు దిగాయి. పిల్లల పక్కబట్టలన్నీ తడిశాయి. తెల్లవారి వానలోనే మడిచి తెచ్చి ఇచ్చాం. వాళ్లు విప్పి చూసి, లోపలి పూత జిగటగా మారి పొరలుగా ఊడుతోందని, తడిగా మడిచి పాడుచేశామని మొత్తం డిపాజిట్ పట్టుకున్నారు. కారిన టెంట్‌కు నేనే జరిమానా కట్టాను! మందు మోసం అంటే మీకు కోపం వస్తోంది.

రాయగడ కొండదారి:
స్ప్రే కొట్టినా కుట్లు కారతాయి. సూది గుచ్చిన రంధ్రాలను మూసేది టేపు లేదా సీలెంట్ అనే జిగురు. అది మందు తప్పు కాదు. మీరు తడిగా మడిచారా, లేదా?

జయపురం బాటసారి:
వాన కురుస్తుంటే పొడిగా ఎలా మడవాలో మీరు నేర్పండి.

కోరాపుట్ మాస్టారు:
బాటసారి గారి పక్షాన ఒక మాట చెప్పాలి. జిగట, పొరలు ఊడటం, పుల్లటి వాసన, ఇవన్నీ టెంట్ గుడ్డ లోపల వేసే పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత తేమకు విచ్ఛిన్నమైన గుర్తులు. అది ఒక్క రాత్రిలో జరగదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి చెమ్మలో చుట్టిపెడితే జరుగుతుంది. ఆ స్థితికి వచ్చిన గుడ్డకు పైన ఏ స్ప్రే కొట్టినా లాభం లేదు. అంటే మీరు తీసుకునేనాటికే అది ముగిసిన టెంట్. మీ డిపాజిట్ అన్యాయంగానే పోయింది.

రాయగడ కొండదారి:
మాస్టారూ, మీరు తీర్పు చెప్పడం తేలిక. నేనూ టెంట్లు అద్దెకు ఇస్తాను. ఒక్క రాత్రికి పోదు, నిజమే. తీసుకున్న ప్రతివాడూ ఒక్క రాత్రే కదా అంటాడు. తడిగా చుట్టి, సంచిలో కుక్కి, రెండు రోజుల తర్వాత తెచ్చి గుమ్మంలో పడేస్తాడు. లోపల పకోడీ నూనె మరకలు, కొవ్వొత్తి మైనం. పూత ఊడిన రోజు మాత్రం నా ముందు ఉండేది ఒక్కడే. ఖర్చు అతని దగ్గర కాకపోతే ఎవరి దగ్గర తీసుకోవాలి? వాడి వెళ్లిపోయిన వాళ్లందరినీ వెతకమంటారా?

జయపురం బాటసారి:
ఇప్పుడు తెలిసింది! ఇంతసేపూ మందును కాదు, అద్దె దుకాణాలను వెనకేసుకొచ్చారు. అందరూ పాడుచేసినదానికి చివరివాడు కట్టాలా? వస్తువు అరుగుదల అద్దెలో ఉండాలి. తెచ్చిచ్చాక ఆరబెట్టడం మీ పని. అందుకే కదా అద్దె.

రాయగడ కొండదారి:
ఆషాఢంలో రాయగడ వచ్చి ఎక్కడ ఆరబెట్టాలో చూపించండి. వసారాలో తాడు కడితే గోడకే బూజు పడుతోంది. అరుగుదల కలిపి అద్దె పెంచితే మీరే ముందు పక్క దుకాణానికి వెళ్తారు. స్ప్రే కొట్టించాం అని ఎందుకు చెబుతారో తెలుసా? కొత్త టెంట్ కొనలేక.

బరంపురం సముద్రపు గాలి:
అదే కదండీ బాటసారి గారు మొదటి నుంచీ అంటున్నది. మందు పేరు చెప్పి పాత సరుకు అంటగడుతున్నారని.

రాయగడ కొండదారి:
నేను అంటగట్టలేదు. జిగట వచ్చిన వాటిని కోసి నేల మీద పరిచే పట్టాలు చేశాను. అందరినీ ఒకే గాటన కట్టకండి.

జయపురం బాటసారి:
మంచిది. ఇచ్చేముందు విప్పి, లోపలి పూత చేత్తో తడిమించి చూపిస్తారా? కుట్ల టేపు చూపిస్తారా? అలా చూపించి ఇస్తే డిపాజిట్ గురించి నేను నోరెత్తను.

రాయగడ కొండదారి:
వానాకాలంలో శుక్రవారం సాయంత్రం ఒక్కసారే అందరూ వస్తారు. ఒక్కొక్కటీ విప్పి చూపిస్తే మీరు కొండకు చేరేది సోమవారం.

సిరొంచ గోదావరి:
గొంగడికి డిపాజిట్ లేదు.

పర్లాకిమిడి కుర్రాడు:
పెద్దలు కాస్త ఆగండి. ఉతికాను, గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. భుజాల మీద నీళ్లు పూసల్లా జారుతున్నాయి. టోపీ, మెడపట్టీ మాత్రం ఇంకా పీల్చుకుంటున్నాయి. ఆ రెండింటి కోసం సీసా మొత్తం కొనాలా?

రాయగడ కొండదారి:
అక్కరలేదు. ముందు ఆ నూనె వదిలించు, సబ్బు నేరుగా రాసి వేళ్లతో రుద్దు. తర్వాత గుడ్డ తడిగా ఉండగానే ఆ రెండు చోట్లే స్ప్రే కొట్టి, ఎక్కువైనది తుడిచి ఆరబెట్టు. ఫ్లోరిన్ లేని స్ప్రే నా దగ్గర సగం సీసా ఉంది. ఇటు వస్తే తీసుకెళ్లు, వాడి తిరిగి ఇవ్వు.

జయపురం బాటసారి:
డిపాజిట్ ఎంతో ముందే అడుగు తమ్ముడూ.