‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’: ఊపిరా, ఉసురా?

పెద్ద వాల్తేరు, నర్సింగ్ ట్యూటర్:
అందరికీ నమస్కారం. నర్సింగ్ పిల్లలతో కేర్ ప్లాన్ (రోగికి ఏ సేవ ఎలా చేయాలో రాసుకునే పట్టిక) రాయిస్తుంటే, పోతన గారి భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడి పద్యంలో ఈ ముక్క మనసులో తిరుగుతోంది: ‘లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్ / ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్’. ఇక్కడ ‘ప్రాణంబులు’ అంటే ఊపిరా, ఉసురా?

ఎందుకంటే వార్డుకి వచ్చిన ప్రతివాళ్లూ ‘ఆయాసం సిస్టర్’ అంటారు. నాండా జాబితాలో (నర్సులు పెట్టే డయాగ్నసిస్‌ల పేర్ల జాబితా) దానికి కనీసం మూడు దారులున్నాయి. గొంతులో కళ్లె గరగరలాడుతూ, దగ్గినా బయటికి రాకపోతే ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్. నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఉండాల్సిన శ్వాస 30 దాటి, మెడ కండరాలు లాగేస్తుంటే ఇనెఫెక్టివ్ బ్రీతింగ్ ప్యాటర్న్. గాలి లోపలికి వెళ్తున్నా ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కక సాచురేషన్ పడిపోయి, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) తేడాగా వచ్చి, మనిషి తికమకపడుతుంటే ఇంపెయిర్డ్ గ్యాస్ ఎక్స్ఛేంజ్. పేషెంటు నోట మాత్రం ఒకటే మాట. దాన్ని విడదీసే తెలుగు మనకుందా?

ఎంవీపీ కాలనీ, విశ్రాంత ఆంధ్రోపాధ్యాయుడు:
అమ్మా, బహువచనం చూడు. పోతన గారు ‘ప్రాణంబు’ అనలేదు, ‘ప్రాణంబులున్’ అన్నారు. అవి పంచప్రాణాలు. హృదయంలో ప్రాణం, గుదంలో అపానం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, ఒళ్లంతా వ్యానం. ఒక్కోదానికీ ఒక్కో ఠావు ఉంది కాబట్టే ‘ఠావులు తప్పాయి’ అనగలిగారు. ఉత్త ఉసురైతే ‘పోయె’ అనేవారు.

గాజువాక:
మాస్టారూ, మా ఇంట్లో పెద్దవాళ్లు ‘తావుల్ దప్పెను’ అనే చదివేవారు. తావు అచ్చమైన తెలుగు మాట. ఠకారం లేఖకుల చలవేమో.

ఎంవీపీ కాలనీ:
లేదు బాబూ. ఇది శార్దూల వృత్తం. పాదం మొదటి అక్షరానికి పదమూడో అక్షరం జత కుదరాలి, అదే యతి. ఆ పాదం వేళ్ల మీద లెక్కపెట్టు: ‘ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్’. పదమూడో అక్షరం ‘డ’. ఠకు డ మిత్రాక్షరం. ‘తా’ పెడితే యతి చెడుతుంది. ఇక లావొ, ఠావు, నీవే, రావే అని వకార ప్రాస ఉండనే ఉంది. అక్కడ ఠావు తప్ప ఇంకోటి పట్టదు. ఆ పద్యంలో ఒక్క అక్షరం కదిపితే ఏనుగు పడిపోతుంది!

అనకాపల్లి:
ఠావు సంగతి తేలింది గానీ, అసలు ముడి పాదం చివర ఉంది. విలోలంబయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్... అన్నీ అయిపోయిన పనులు. ఒక్క శ్రమ మాత్రం ‘అయ్యెడిన్’. అంటే ఇంకా అవుతూనే ఉంది. బలం పోయింది, ధైర్యం చెదిరింది, ఆయాసం మాత్రం ఈ క్షణాన నడుస్తోంది. పోతన గారు మంచం పక్కన నిలబడి చూసినట్టే రాశారు.

గాజువాక:
అది గణం కోసం. ‘అయ్యెన్’ అంటే పాదానికి ఒక అక్షరం తక్కువ పడుతుంది.

అనకాపల్లి:
పోతన గారికి అక్షరం తక్కువై క్రియాకాలం మార్చుకునే అవసరం ఏముంది? నిండైన ఇంకో మాట దొరకదా ఆయనకి?

పెద్ద వాల్తేరు:
ఆ ‘ఎడిన్’ నాకు బాగా పనికొస్తుంది. లక్షణం ఇప్పుడు ఎదురుగా ఉంటే ఒక రాత, రాబోయే ముప్పు మాత్రమే అయితే ‘రిస్క్ ఫర్’ అని ఇంకో రాత. పిల్లలు అక్కడే తడబడతారు. ఇంకో ఇబ్బంది, కారణం దగ్గర ‘నిమోనియా’ అని రాసేస్తారు. అది డాక్టరు గారు పెట్టే పేరు. మనం రాయాల్సింది ఆ జబ్బుకి మనిషి ఒళ్లు ఎలా స్పందిస్తోందో.

మరి ‘శ్రమంబు’ని ఆయాసం అనుకోవచ్చా మాస్టారూ?

ఎంవీపీ కాలనీ:
అనుకోవచ్చు, కానీ ఆయాసం ఊపిరికే కట్టుబడిన మాట కాదు. సంస్కృతంలో ప్రయాస, అలసట. భుక్తాయాసం అంటామా లేదా? విందు తిన్నవాడికి ఏ నెబ్యులైజరూ అక్కర్లేదు. అందుకే నీ పేషెంటు ఆయాసం అంటే అలసటో, ఊపిరో అడిగి తేల్చుకోవాలి.

సీతమ్మధార, స్టాఫ్ నర్సు:
మేం చేసేది అదే సార్. ‘ఆయాసమా’ అని అడగం. ‘పడుకుంటే ఎక్కువవుతోందా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు? కళ్లె తెగుతోందా? పిల్లికూతలు వస్తున్నాయా?’ అని విడివిడిగా అడుగుతాం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా అన్నది వింటుంటేనే తెలిసిపోతుంది. ఇంటివాళ్లు ‘ఎగశ్వాస వచ్చేసింది’ అంటే మాత్రం ప్రశ్నలు ఆపి పరుగెత్తాలి. ఒక్కోసారి మూడు డయాగ్నసిస్‌లూ ఒకే మనిషిలో ఉంటాయి. అప్పుడు దారి మూసుకున్నది ముందు. కళ్లె అడ్డుపడి ఉండగా మిగతా రెండింటికీ ఎంత చేసినా నిలబడదు.

అనకాపల్లి:
పిల్లికూతలు! ఎంత చక్కని మాట. వీజింగ్ అంటే ఇంత తేటగా ఉంటుందా? మరి ఇనెఫెక్టివ్ బ్రీతింగ్ ప్యాటర్న్‌కి ‘శ్వాస గతి తప్పడం’ అంటే?

గాజువాక:
‘ఠావు తప్పడం’ గ్యాస్ ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వండి. ఊపిరి చేరాల్సిన చోటికి చేరలేదు కదా.

ఎంవీపీ కాలనీ:
ఒప్పుకోను. ఠావు తప్పడమంటే ఉన్నచోటి నుంచి కదలడం, చేరకపోవడం కాదు. కదిలేది శ్వాస గతి గనక రెండోదానికే నప్పుతుంది.

పెద్ద వాల్తేరు:
నేనైతే చార్టులో ఇంగ్లీషు పేరే ఉంచి, పిల్లలకి చెప్పేటప్పుడు సీతమ్మధార సిస్టర్ గారి ప్రశ్నలు వాడతాను. మాస్టారూ, ఒక్క సందేహం. ‘డస్సెన్’ ఫెటీగ్ (తీరని అలసట) కింద పడుతుందా, యాక్టివిటీ ఇంటాలరెన్స్ (పని చేస్తే ఓపలేకపోవడం) కిందా?

ఎంవీపీ కాలనీ:
ఆ ఇంగ్లీషు సంగతి నువ్వే చెప్పాలమ్మా. ధాతువు ‘డయ్యు’. అలసి సొలసిపోవడం.

అనకాపల్లి:
మరి మనవాళ్లు ‘డస్సిపోయాడు’ అనేది ఈ డయ్యు నుంచేనా, వేరే దారిన వచ్చిందా? దీనికి వేరే చర్చ పెట్టండి మాస్టారూ, చాలా ఉంది.