‘స్టెయినింగ్’కు తెలుగు: రంగు అద్దడమా, రంగు పట్టడమా?

గౌరవ సభ్యులకు నమస్కారం. మెత్తని కణజాలంలో వచ్చే గడ్డల పరీక్ష గురించి కరపత్రం రాస్తున్న మిత్రులు నిన్న ‘స్టెయినింగ్’కు, అంటే కణజాలపు ముక్కలోని భాగాలు మైక్రోస్కోపు కింద విడివిడిగా కనబడేలా రంగు ఎక్కించే పనికి, తెలుగు మాట అడిగితే అభిరంజనం, అద్దకం, మరక అని మూడు జవాబులు వచ్చాయి. నల్లగొండలో బయాప్సీ స్లైడ్లు తయారుచేసే పనిలో ఉన్న నాకు వీటిలో ఏదీ ఆ పనికి సరిపోయినట్టు అనిపించలేదు.

అభిరంజనం తప్పు కాదు, కానీ కరపత్రం చదివేవారికి అందదు. మరక వద్దనుకున్నా వచ్చి పడేది కనుక దాన్ని వదిలేద్దాం. అద్దకంలో అచ్చు ఎక్కడ పడితే అక్కడే బొమ్మ. పని అంతా అద్దేవారి చేతిలో ఉంటుంది. స్లైడు మీద అలా జరగదు. నాలుగు మైక్రాన్ల మందాన కోసిన ముక్కను మొత్తంగా రంగులో ముంచుతాము; ఏ రంగు ఎక్కడ నిలవాలో ముక్కలోని పదార్థమే తేలుస్తుంది. మామూలుగా వాడే రెండు రంగుల్లో హెమటాక్సిలిన్‌ను కేంద్రకాలు, ఇయోసిన్‌ను కణద్రవ్యమూ కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ పోగులూ పట్టుకుంటాయి. మాసన్ ట్రైక్రోమ్ అనే రంగుల కలయికలో కండరం ఎర్రగా, కొల్లాజెన్ నీలంగానో ఆకుపచ్చగానో కనబడుతుంది కాబట్టే, సాగిన కణాలున్న గడ్డ కండరం తీరుదా, పీచు తీరుదా అనేదానికి ఒక ఆధారం దొరుకుతుంది.

అందుకే నేను ‘రంగు పట్టడం’ అంటాను. పుట్టపాక అనే నేతగాళ్ల ఊళ్లో తేలియా రుమాళ్లు అనే ఇక్కత్ గుడ్డల కోసం నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికేది అది రంగు పట్టాలనే. ‘నూలు మంచిగ రంగు వట్టింది’ అన్న వాక్యంలో కర్త నూలే. పోలిక మాటతో ఆగదు. హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుంచి వచ్చే రంగు. పటిక కలిపితేనే కేంద్రకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నూలుకు రంగు పట్టించడంలోనూ పటిక చేసే పని అదే. ముక్క మొదట ఎర్రటి ఊదాలో ఉంటుంది. కొంచెం క్షారగుణం ఉన్న నీళ్లలో కడగగానే కళ్లముందే నీలానికి తిరుగుతుంది.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి, అంటే యాంటీబాడీతో ఒక్కో ప్రోటీన్‌ను వెతికే పరీక్షకు, మాత్రం ఈ మాట చాలదు. అక్కడ కణజాలం రంగును పట్టుకోదు. డెస్మిన్ అనే ప్రోటీన్‌కే అంటుకునే యాంటీబాడీని వేస్తాము. దాని వెంట చేర్చిన ఎంజైమ్, పైన పోసిన ద్రవాన్ని సరిగ్గా ఆ చోటనే గోధుమరంగు పదార్థంగా మారుస్తుంది. దీన్ని ‘రంగు తేలడం’ అనవచ్చు. డెస్మిన్‌కు తేలితే ఆలోచన కండరం వైపు, ఎస్‌100 అనే మరో ప్రోటీన్‌కు తేలితే నరాల తొడుగు వైపు మొగ్గుతుంది; అయితే ఎస్‌100 కొవ్వు కణాల్లోనూ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ తేలుతుంది కనుక, ఒక్క గుర్తుతో గడ్డకు పేరు పెట్టరు, మామూలు రంగుల్లో కనబడిన కణాల అమరికతో కలిపే చూస్తారు.

మిత్రులకు ఒక మనవి: కరపత్రంలో, రంగు తేలిందనే అర్థంలో రిపోర్టులో రాసే ‘పాజిటివ్’ను ‘సానుకూలం’ అని దయచేసి రాయకండి. తమ్ముడి రిపోర్టు పట్టుకొని వచ్చిన ఒకాయన ‘పాజిటివ్ అంటే మంచిదే గద సార్’ అని నన్ను అడిగినప్పుడు ఆయన ముఖంలో కనబడిన ఆశ నేను మరచిపోలేదు. ‘డెస్మిన్ ఉన్నట్టు రంగు తేలింది’ అని రాయండి. అది మంచో చెడో డాక్టరు చెప్పేదాకా ఆ వాక్యం ఎటూ మొగ్గదు.