సెప్టెంబరులో బ్యాంకాక్: వానల్లో అమ్మానాన్నలతో తిరగొచ్చా?

బాటసారి_గుంటూరు అడుగుతున్నారు:

సెప్టెంబరు రెండో వారంలో అమ్మానాన్నలతో ఐదు రాత్రులు బ్యాంకాక్ వెళ్తున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. నడవగలరు కానీ నిటారు మెట్లు కష్టం. అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. రద్దీ తక్కువ, గదులు చవక అని ఆ నెల చూసుకున్నాం. పట్టాయా, షాపింగ్ మాకొద్దు. గుళ్లు, నది, పాత బజార్లు తీరుబడిగా చూడాలి. వాన రోజంతా పాడుచేస్తుందా? బస ఎక్కడైతే మేలు? అస్తమానం టాక్సీ ఎక్కకుండా పెద్దవాళ్లను తిప్పడం కుదురుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పాతూరి_దారి:

రోజంతా ముసురు పట్టడం అక్కడ తక్కువండి. ఏడాదిలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులోనే, నెలకు 300 మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ అది చాలావరకు మధ్యాహ్నం మూడు తర్వాత గంటో గంటన్నరో కుండపోతగా కురిసి వెలిసిపోయే వాన. అందుకే ఆరుబయట చూసేవన్నీ ఒంటిగంటలోపు ముగించుకోండి, కప్పు కింద చూసేవి తర్వాతకి ఉంచుకోండి. పొద్దున ఆలస్యంగా లేస్తే మాత్రం ఆ నెలలో సగం రోజు పోయినట్టే.

మొదటి రోజు గ్రాండ్ ప్యాలెస్ పెట్టుకోండి. తలుపులు 8:30కి తీస్తారు, టికెట్ 500 బాట్లు. మధ్యాహ్నం 3:30 తర్వాత టికెట్ ఇవ్వరు. జనం పలచగా ఉండే నెలే అయినా పది గంటలకల్లా టూర్ బస్సులు వచ్చేస్తాయి, కాబట్టి 8:15కే గేటు దగ్గరుండాలి. లోపలికి దారి ఉత్తరం వైపు, నా ఫ్రా లాన్ రోడ్డు మీదున్న గేటు ఒక్కటే. దక్షిణం నుంచి నడిచొస్తే పొడవాటి తెల్లగోడ వెంట చాలా దూరం రావాలి. "ఈరోజు మూసేశారు, లోపల పూజ జరుగుతోంది, ఇరవై బాట్లకే వేరే గుళ్లు తిప్పుతాను" అనేవాళ్లు కాచుకునేది ఆ గోడ పక్కనే. ఆ టుక్‌టుక్ (అక్కడి ఆటో) చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందు. రాజకుటుంబ కార్యక్రమాల వల్ల నిజంగానే మూసే రోజులూ ఉంటాయి. అవి ప్యాలెస్ అధికారిక వెబ్‌సైటులో ముందురోజు రాత్రి చూసుకోండి, దారిలో ఎవరు చెప్పినా నమ్మొద్దు.

భుజాలు, మోకాళ్లు కప్పాలి. చీర, చుడీదార్, పూర్తి ప్యాంటు అన్నీ సరే. నాన్నగారు నిక్కరు వేసుకుంటే లోపలికి పంపరు.

అక్కడి నుంచి వాట్ ఫో (వాట్ అంటే గుడి). పడుకున్న బుద్ధుడి విగ్రహం 46 మీటర్ల పొడవు. తలవైపు నుంచి చూసి తిరిగి రాకండి, పాదాల దాకా వెళ్లండి. అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు తీరిగ్గా చూడాల్సినవి. తడిసిన పాలరాయి బాగా జారుతుంది, గుడి ముందు చెప్పులు విప్పాక పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు. చెప్పులకు ఒక ప్లాస్టిక్ సంచి ఉంచుకుంటే బయట తడవవు. తర్వాత థా తియన్ రేవు నుంచి ఐదు బాట్ల పడవలో అవతలి ఒడ్డుకు వెళ్తే వాట్ అరుణ్. దాని మెట్లు బాగా నిటారు, అమ్మానాన్నలు కింద నుంచే చూడడం మంచిది. ఎత్తు నుంచి ఊరు చూడాలనుంటే వాట్ సాకెట్ కొండ ఎక్కండి. అవీ మూడొందల పైచిలుకు మెట్లే కానీ పొట్టివి, కొండ చుట్టూ వాలుగా తిరుగుతూ పోతాయి, మధ్యలో ఆగొచ్చు.

మెట్రో_మనిషి:

బస విషయంలో చాలామంది సుఖుమ్‌విట్ ప్రాంతం అంటారు. మీరు చెప్పిన జాబితాకి అది దూరం. పైగా గట్టి వాన పడితే అక్కడి సందుల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచే చోట్లున్నాయి. మీకు సామ్ యోట్ లేదా వాట్ మంగ్‌కొన్ మెట్రో స్టేషన్ దగ్గర గది నయం. సామ్ యోట్ నుంచి వాట్ ఫో దగ్గరి సనామ్ చాయ్ ఒక్క స్టేషనే. పహురాట్ బట్టల బజారు నడిచిపోయేంత దగ్గర. వాట్ మంగ్‌కొన్ అయితే యావరాట్ చైనా బజారు గుమ్మంలో ఉన్నట్టే. "స్టేషన్ దగ్గరే" అని రాసుకున్న హోటల్ని నమ్మేయకుండా మ్యాపులో నడక దూరం చూడండి, 400 మీటర్లు దాటితే వానలో అవస్థ.

సువర్ణభూమి విమానాశ్రయం కింది అంతస్తులో ఎయిర్‌పోర్ట్ రైలు ఉంటుంది. ఊళ్లోని చివరి స్టేషన్ ఫాయా థాయ్ దాకా అరగంటలోపే, 45 బాట్లు. మీరు మాత్రం మధ్యలో మక్కసన్‌లో దిగి, నడక వంతెన మీదుగా ఫెచ్చబురి మెట్రోకి వెళ్తే సామ్ యోట్‌కి నేరుగా రైలుంది. సామాను ఎక్కువైతే టాక్సీయే మేలు: మీటరు, దానిమీద విమానాశ్రయం రుసుము 50 బాట్లు, టోల్ వేరే. మీటరు వెయ్యనంటే ఎక్కకండి.

మెట్రో గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ తాకిస్తే చాలు. మనవాళ్లకు గేటు తెరుచుకోకపోవడానికి మామూలు కారణం, బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ అనే రెండు మీటలూ ఆన్ చేసి ఉండకపోవడం. ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి. ఒక కార్డుతో నలుగురు వెళ్లలేరు, మనిషికో కార్డు కావాలి. లేనివాళ్లకి మెషీన్లో నల్లటి ప్లాస్టిక్ బిళ్ల వస్తుంది: ఎక్కేటప్పుడు తాకించాలి, దిగేటప్పుడు గేటు చీలికలో వెయ్యాలి. పారేసుకుంటే జరిమానా. స్తంభాల మీది పట్టాలపై నడిచే బీటీఎస్ స్కైట్రైన్‌ది వేరే టికెట్, మెట్రో బిళ్ల అక్కడ పనికిరాదు.

సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య వాన పడుతుంటే టాక్సీ ఆలోచనే పెట్టుకోవద్దు. యాప్‌లో రేటు ఎక్కిపోతుంది, వచ్చిన బండి కూడా కదలదు. ఆ వేళకి మ్యూజియంలోనో రైలు దగ్గరో ఉండేలా చూసుకోండి. నేషనల్ మ్యూజియం సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది. వీధిలో నిలిచిన నీళ్లలో దిగొద్దు, కింద మూత లేని కాలువ ఉన్నా కనబడదు.

పప్పన్నం:

అమ్మగారి తిండి గురించి. "మంగ్‌సవిరత్" అంటే మాంసం లేనిదని మాత్రమే. గుడ్డు, వెల్లుల్లి ఉండొచ్చు. మీరు అడగాల్సింది "జే". ఇది చైనా బౌద్ధుల పద్ధతి: మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. దుకాణం ముందు పసుపు జెండా మీద ఎర్రగా, 17 అంకెలా కనబడే అక్షరాలుంటాయి, అదే గుర్తు. యావరాట్ చుట్టుపక్కల దొరుకుతాయి. మామూలు బండి మీద "కూరగాయలే వేశాను" అన్నా చేపల సాసు, ఎండు రొయ్యలు పడతాయి, బొప్పాయి సలాడ్, ప్యాడ్ థాయ్ నూడుల్స్ రెండింట్లోనూ. "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాసు వద్దని. అయినా అదే బాణలి, అదే గరిటె, కాబట్టి అమ్మగారికి ఆ బండ్లు వద్దు. పహురాట్‌లో గురుద్వారా ఉంది, చుట్టూ ఉత్తరాది శాకాహార హోటళ్లున్నాయి. సీలోం ప్రాంతంలో మారియమ్మన్ గుడి చూసుకుని ఆ చుట్టుపక్కల ఇడ్లీ దోసె వెతుక్కోవచ్చు. ఉల్లి సంగతి అక్కడ కూడా ముందే చెప్పాలి.

బాటసారి_గుంటూరు:

చాలా ధన్యవాదాలండి. పడవల్లో పెద్దవాళ్లను ఎక్కించొచ్చా?

పాతూరి_దారి:

చావ్ ఫ్రయా నది మీద నారింజ జెండా పడవ ఎక్కించొచ్చు. ఎంత దూరమైనా ఒకే టికెట్, పదహారు బాట్ల దగ్గర. సాథోన్ రేవులో నీలం జెండా టూరిస్టు పడవ వైపు పిలుస్తారు, దాని రేటు ఎక్కువ. నారింజ అని చెప్పి అడగండి. పడవ రేవులో ఆగేది క్షణాలే. వెనక నిలబడ్డ మనిషి ఈల వేసి తాడు బిగిస్తాడు, అప్పుడే వెనక వైపు నుంచి ఎక్కాలి. మీ స్టాపుకి ఒకటి ముందే లేచి వెనక్కి రండి. పడవకీ రేవుకీ మధ్య ఖాళీ వచ్చేది అవి ఊగినప్పుడు, అందుకని ముందు మీరు దిగి, ఆపైన చెయ్యి అందించండి. క్లాంగ్ సేన్ సేప్ కాలువ పడవలు మాత్రం వద్దు. అంచు మీదుగా కాలు ఎత్తి దాటాలి, మురికినీళ్లు చిందకుండా ప్రయాణికులే తాళ్లు లాగి ప్లాస్టిక్ పట్టా పైకెత్తుకుంటారు. మీకు సరదాగా ఉంటుంది, అమ్మానాన్నలకు కాదు.

మెట్రో_మనిషి:

ఇంకొకటి మరిచాం. థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల్లోపు నింపాలి, 2025 మే 1 నుంచి తప్పనిసరి. మనిషికొకటి, ఉచితం. గూగుల్‌లో పైన వచ్చే డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. వీసా నిబంధన టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైటులో చూడండి. ఏటీఎం ఒక్కోసారికి 220 బాట్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ కోస్తుంది కాబట్టి ఒకేసారి తీసుకోండి. రూపాయల్లో చూపిస్తానని తెర మీద అడిగితే వద్దనండి, ఆ రేటు దండగ. డెంగీ దోమలు పగలే కుడతాయి, మడమలకి ఓడోమాస్ రాసి బయల్దేరండి.

పప్పన్నం:

తేదీలు జరపాల్సి వస్తే సెప్టెంబరు ముగిసేలోపే జరపండి. అక్టోబరు 1 నుంచి వారం పాటు చైనా సెలవులు, గ్రాండ్ ప్యాలెస్ దగ్గర మళ్లీ క్యూలు మొదలవుతాయి.