తాత కబ్జా చేసిండా?

పోయిన ఆదివారం పరకాల దగ్గర మా ఊరికి వెళ్ళి, ఇంట్లో పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే తాత పేరు మీద ఒక సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం) దొరికింది. అందులో ఒక వాక్యం: "ఇట్టి భూమిని నేటి దినముననే తమకు కబ్జా ఇచ్చినాను." మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అది చదివి, "మామా, తాత భూమి కబ్జా చేసిండా?" అని అడిగాడు. అందరం నవ్వాం కానీ వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. కబ్జా అంటే ఆక్రమణ అనే కదా నాకూ తెలిసింది! ఈ మాట సంగతి తెలిసిన పెద్దలు చెప్పగలరు.

హన్మకొండ నుంచి జవాబు:

తమ్మీ, ముప్పై ఏళ్ళు కోర్టు బయట బల్ల వేసుకుని అర్జీలు, దస్తావేజులు రాసినవాణ్ణి. మీ తాత ఏ తప్పూ చేయలేదు. ఆ కాగితంలో కబ్జా అంటే భూమి చేతికి రావడం, అంతే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట ఇది, పట్టు అని మొదటి అర్థం. ఉర్దూలో కత్తి పిడినీ కబ్జా అంటారు, తలుపు బందునూ అంటారు. మలబద్ధకానికి కబ్జ్ అనే మాటా ఆ ధాతువు నుంచే వచ్చింది, పట్టేసిందని!

ఈ మాటకు మంచీ చెడూ రెండూ పక్కనున్న క్రియే తెస్తుంది. కబ్జా ఇచ్చాడు, కబ్జా పొందాడు, కబ్జాలో ఉన్నాడు అంటే ఏ దోషమూ లేదు. కబ్జా చేశాడు, కబ్జా పెట్టాడు అంటేనే దౌర్జన్యం. పేపర్లలో రోజూ "చెరువు కబ్జా", "భూకబ్జాదారులు" అని చదివీ చదివీ మనకు ఆ రెండోదే మిగిలింది. మా బల్ల దగ్గరికి వచ్చే రైతులు మాత్రం "మోకా మీద కబ్జా నాదే సార్" అని ధీమాగా చెప్పేవాళ్ళు. భూమి మీద నిలబడి దున్నుకుంటున్నది నేనే అని దాని భావం.

పాత పహాణీ, అంటే ఊరి భూముల వివరాలు రాసే రెవెన్యూ రికార్డు, చూశావా? పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉండేవి. హక్కు ఒకరిది, అనుభవం మరొకరిది కావచ్చునని ఆ కాగితమే ఒప్పుకునేది. ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డు వచ్చినప్పుడు ఆ అనుభవదారు గడి లేకుండా పోయింది. దాని గురించి తిట్టుకోవాలంటే వేరే పోస్టు పెట్టాలి.

అసలు గొప్ప సంగతి ఇనాం భూముల్లో, అంటే పాతకాలంలో పాలకులు బహుమానంగా ఇచ్చిన భూముల్లో ఉంది. తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు చట్టం, 1955లో "కాబిజ్-ఎ-ఖదీం" అని ఒక మాట ఉంది. పాతకాలం నుంచీ కబ్జాలో ఉన్నవాడు అని. ఇనాం ఇచ్చేనాటికే ఆ నేల మీద ఉన్నవాడు గానీ, పన్నెండేళ్ళకు తక్కువ కాకుండా ఎడతెగకుండా ఉండి ఇనాందారుకు భూమిశిస్తు మాత్రమే కట్టేవాడు గానీ ఈ లెక్కలోకి వస్తాడు. అలాంటివాడిని తరిమేయమనలేదు చట్టం, ఆక్యుపెంటుగా, అంటే ఆ భూమికి హక్కుదారుగా నమోదు చేయమంది. కబ్జాదారు అన్నా కాబిజ్ అన్నా మూలం ఒక్కటే. ఒకటి ఇప్పుడు తిట్టయింది, ఇంకోటి హక్కయింది.

గుంటూరు నుంచి:

మా వైపు దస్తావేజుల్లో "స్వాధీనపరచినాను" అని రాస్తారండి. కబ్జా అంటే మాకు రౌడీలే గుర్తొస్తారు. స్వాధీనం అని రాస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

హన్మకొండ నుంచి:

నిక్షేపంగా రాయొచ్చు సార్, ఇప్పుడు మా దగ్గరా చాలామంది అలాగే రాస్తున్నారు. కానీ స్వాధీనానికి మాత్రం గొడవ లేదా? "పోలీసులు బండి స్వాధీనం చేసుకున్నారు" అంటే ఎవరూ ఇష్టపడి ఇచ్చింది కాదు. "మతి స్వాధీనంలో లేదు" అంటే అది మరో స్వాధీనం. అక్కడా క్రియనే చూసుకోవాలి.

ఒక లాయరు గారు:

పెద్దాయన చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. కోర్టులో కబ్జా వేరు, హక్కు వేరు. చట్టప్రకారం కాకుండా ఒకరిని బలవంతంగా భూమి మీద నుంచి వెళ్ళగొడితే, వెళ్ళగొట్టినవాడు సొంతదారే అయినా సరే, పోయినవాడు ఆరు నెలల్లోపు దావా వేసి కబ్జా తిరిగి తెచ్చుకోవచ్చు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, సెక్షన్ 6. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా కుదరదు.

మరి ఎవరూ దున్నని, గోడ లేని ఖాళీ జాగా ఎవరి కబ్జాలో ఉన్నట్టు? దీని మీద దేశమంతా లాయర్లు చూపించే 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు మన వరంగల్ మట్టెవాడ జాగాల గురించే. ఖాళీ జాగాలో కబ్జా హక్కు వెంటే నడుస్తుందని అందులో చెప్పారు. హక్కు మీదే గట్టి వివాదం ఉంటే వట్టి ఇంజంక్షన్ దావా (అవతలివాడు జోక్యం చేసుకోకుండా ఆపమని అడిగే దావా) చాలదని, హక్కు తేల్చమని కూడా అడగాలని అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు "జాగా ఖాళీగానే ఉంది సార్, కబ్జా ఎట్లా చూపాలె" అని టెన్షన్ పడుతుంటే ముందు ఈ తీర్పే చెప్తాను.

ఇంకో మాట. పన్నెండేళ్ళు కబ్జాలో ఉంటే భూమి మనదైపోతుందని ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. కౌలుకు ఉన్నవాడు ముప్పై ఏళ్ళున్నా కౌలుదారే. అసలు యజమాని హక్కును కాదంటూ, బాహాటంగా, ఎడతెగకుండా ఉంటేనే ఆ లెక్క మొదలవుతుంది.

మొదట అడిగినవాణ్ణి:

అందరికీ దండాలు. మావాడికి ఇదంతా చదివి వినిపించాను. తాత మీద అనుమానం తీరింది. ఇప్పుడు కొత్త ప్రశ్న వేస్తున్నాడు. హాస్టల్‌లో కిటికీ పక్కన తన మంచం మీద ఎవడో సామాను పెట్టేశాడట. సెక్షన్ 6 కింద దావా వేయొచ్చా అని.

ఒక లాయరు గారు:

కుదరదు. ఆ సెక్షన్ స్థిరాస్తికే. మంచం చరాస్తి.